వీపు లేని పడవ

ఏకాంబరం బస్సు దిగి నేరుగా మా చావిట్లోకి వచ్చినాడు.
గోనెపట్టాలో పడవ చెక్క, మూరన్నర పొడవు,
మేకులు పీకిన చోటల్లా తుప్పు మచ్చలు.
"మా నాయన పడవలోది. వచ్చే అమాసకు దాన్ని విరగ్గొట్టేస్తారు.
ఈ చెక్కలోనే దాన్ని చెక్కియ్యాల.
సగం చాలు."
మద్రాసు హార్బరు ఆఫీసులో గోడకు చూసినాడంట అట్లాంటిది.

సగమా, అని మా అత్త నవ్వింది.
మాధవమాలలో సగం దేవుణ్ణి ఎవురూ అడగలేదు ఇంతవరకు.
నాకు నవ్వు రాలేదు.
గుమ్మం పైన గజలక్ష్మికి
ఏనుగుల వీపులు ఎవురు చెక్కతారు?
చూసేవాళ్ళ పక్కే బొమ్మ.
అవతల బల్ల, బల్లకవతల గోడ.

నాయుడుపేట మీదుగా తడ, తడనుంచి ఆటో,
భీములవారిపాళెం రేవు.
జాకెట్ల టేపు, ఒక రాగి తీగ, పాత క్యాలెండరు పట్టుకోని పోయినాను.
పులికాట్ నీళ్ళు ఆ పూట మోకాలికి కూడా రాలేదు.
పడవ బురదలో ఒరిగి పండుకోనుంది.
మూరకొక చోట తీగను పొట్టకు ఆనించి వంచి
క్యాలెండరు వెనకాల గీసుకున్నాను. పదకొండు వంపులు,
నిలువునా కోసిన ఉల్లిగడ్డ మాదిరి ఒకదాంట్లో ఒకటి.

సగానికి ఒక పక్క కొలిస్తే చాలు.
చేతి చాదస్తం, రెండో పక్కా కొలిచినా.
ఏడో వంపు దగ్గర రెండు వేళ్ళ తేడా.
తప్పేమో అని మళ్ళీ కొలిచినా. రెండు వేళ్ళే.
"తప్పు కాదులేమ్మా" అన్నాడు ఏకాంబరం,
"వల లాగేది కుడి పక్కనించి. నాయన కూర్చునేదీ అక్కడే.
బరువంతా ఆ పక్కే అని మేస్త్రీ అక్కడ పొట్ట లావు పెట్టినాడు."

అయితే ఏ పక్క చెక్కేది?
కుడి అన్నాడు.
రొయ్యలు ఏరతా ఉండిన వాళ్ళక్క సెల్లమ్మ తల ఎత్తలేదు.
"ఒడ్డున కట్టేస్తే మాకు కనబడేది ఎడమ పక్క.
పేరు రాసింది నేను, ఆ పక్కే.
అయిదో తరగతిలో. ఒత్తు మరిచిపోయి."
తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు.
నేనూ టేపు చుట్టుకున్నాను.

బాడిసతో మొదటి దెబ్బ వేస్తే ఉప్పు వాసన.
చిత్రిక పట్టేకొద్దీ చేప వాసన.
మా పిల్లి వచ్చి పొట్టులో పండుకునింది, మూడు దినాలు కదల్లేదు.
లోపల విరిగిపోయిన మేకు ఒకటి
మామ ఇచ్చిన అరంగుళం ఉలికి పన్ను ఊడగొట్టింది.
సానరాయి మీద ఒక మధ్యాన్నం దానికే పోయింది.
ఆకురాయి, తర్వాత ఉప్పుకాయితం, తర్వాత ఉత్త అరచెయ్యి.
కన్ను మోసపోతాది. కన్ను మూసుకోని తడమాల.

దేవుడికైతే కడాన కన్ను తెరుస్తాము,
పని అయిపోయిందని తెలుస్తాది.
పడవకు కన్ను లేదే. ఎక్కడ ఆపేది?
వేలు ముక్కుకాన్నుంచి జారతా జారతా వచ్చి
ఏడో వంపు దగ్గర కొంచెం నిదానించింది.
అక్కడ ఆపేసినా.

చెక్కింది ఎడమ పక్క.
పేరు గీకినా, ఒత్తు లేకుండానే.
బల్లకు ఆనే చదునైన వెనక పక్క
వాలు ఉలితో కుడి పక్క గీతలు గీసినా,
పదకొండూ, ఆ రెండు వేళ్ళ లావుతో సహా.
బల్లకు బిగించలేదు.
రెండు మరలు కాయితంలో చుట్టి పక్కన పెట్టినాను,
బిగించేది వాళ్ళిష్టం.

ఏకాంబరం ఎండురొయ్యలు ఒక సంచీడు తెచ్చినాడు,
డబ్బు మూడు వందలు తక్కువ తెచ్చినాడు.
పేరు చూసి మొగం చిన్నది చేసుకున్నాడు.
ఏమీ చెప్పకుండా తిప్పి పెట్టినా.
చానాసేపు నిలబడే ఉన్నాడు.
కుర్చీ వేస్తే కూర్చోలేదు.

కాళాస్త్రి బస్సులో మా మరిది చూసినాడంట,
కిటికీ పక్క సీటు, ఒళ్ళో పడవ,
వెనక పక్క పైకి పెట్టుకోని,
మీద చెయ్యి.